దిగే వేళ ముందు రాసుకోండి

(హైదరాబాద్‌లో కొత్తగా గుట్టలెక్కడం మొదలుపెడుతున్నవారి కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే లేచి వచ్చారు, సంతోషం. గుట్టలెక్కేవాళ్లకు మొట్టమొదట కావలసిన అలవాటు అదే.

కాగితం, పెన్ను ఉన్నవాళ్లు బయటికి తీయండి. గుట్టకు పోదామనుకున్నవాళ్లు మామూలుగా మొదటి వరుసలో ఏం రాస్తారు? ‘6 గంటలకు ఉప్పల్ చౌరస్తా’ అని రాస్తారు. అక్కణ్నుంచి కిందికి రాసుకుంటూ పోతారు. ఏడున్నరకు గుట్ట మొదట్లో, తొమ్మిదికి పైన, ఫొటోలు, టిఫిను. కాగితం అక్కడితో ఆగిపోతుంది. దిగడం ఎప్పుడు మొదలుపెట్టాలో, దిగడానికి ఎంతసేపు పడుతుందో, ఆ వేళకు ఎండ ఎలా ఉంటుందో, సీసాలో నీళ్లు ఎన్ని మిగులుతాయో అందులో ఉండదు.

ఈ పూట మీకు చెప్పదలచుకున్నది ఒకటే. కాగితం అట్టడుగున ‘బండి దగ్గరికి తిరిగి చేరే వేళ’ అని రాయండి. ఆ వేళ నుంచి పైకి లెక్క కట్టుకుంటూ రండి. ఇల్లు వదిలే వేళ అన్నిటికంటే చివర తేలుతుంది. అది తెల్లవారుజామున నాలుగున్నర అని తేలి, మీకు కుదరదనిపిస్తే గుట్టను మార్చండి, లేదా నెలను మార్చండి. లెక్కను మాత్రం సాగదీయకండి.

మరి ఆ ఆఖరి వేళను ఏది నిర్ణయిస్తుంది? మన ప్రాంతంలో అది నెలను బట్టి మారుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా చీకటి నిర్ణయిస్తుంది. నవంబరు నడుమ హైదరాబాద్‌లో సూర్యుడు దాదాపు 5:40కే అస్తమిస్తాడు. ఫిబ్రవరి చివరి నుంచి జూన్‌లో వానలు పడేదాకా బండ వేడి నిర్ణయిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లోనూ, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ మధ్యాహ్నం తర్వాత కమ్ముకొచ్చే ఉరుములు నిర్ణయిస్తాయి.

బండ వేడిని కొత్తవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. పేపర్లో 40 డిగ్రీలు అని చదువుతాం. అది నీడలో, గాలి ఆడే పెట్టెలో పెట్టిన థర్మామీటరు చూపించే లెక్క. ఎండలో ఉన్న గ్రానైట్ బండ దానికంటే చాలా ఎక్కువ కాలుతుంది, కాలి చాలాసేపు చల్లారదు. మన గుట్టల మీద చెట్టు నీడ తక్కువ. పైనుంచి సూర్యుడు, కిందినుంచి బండ, లోపలినుంచి ఎక్కుడుకు పుట్టే ఒంటి వేడి, మూడూ కలుస్తాయి. అందుకే ఎండాకాలంలో 9:30 కల్లా గుట్ట కింద ఉండాలి. లెక్క కట్టండి. దిగడానికి గంట, అంటే 8:30కి పైనుంచి కదలాలి. పైన అరగంట, అంటే 8కి శిఖరం మీద ఉండాలి. ఎక్కడానికి గంటంబావు, అంటే 6:45కి మొదటి అడుగు పడాలి. ప్రయాణం గంటన్నర అనుకుంటే 5:15కి ఇల్లు వదలాలి. పొద్దున 6 గంటలకు మెట్రో ఎక్కి, ఉప్పల్‌లో దిగి, బస్సు పట్టుకుందామనుకునేవాళ్లకు ఏప్రిల్‌లో ఈ లెక్క కుదరదు. వాళ్లు అక్టోబరు దాకా ఆగాలి.

ఇంకో సంగతి. కోటలున్న గుట్టలకు కొన్నిచోట్ల గేటు ఉంటుంది, టికెట్టు ఉంటుంది, తెరిచే వేళ, మూసే వేళ ఉంటాయి. భువనగిరి అలాంటిదే. గేటు ఎన్నింటికి తీస్తారో, సాయంత్రం ఎన్నింటికి అందరినీ దింపేస్తారో ముందురోజే కనుక్కోండి. తెల్లవారుజామునే వెళ్లి గేటు బయట కూర్చుంటే చల్లని వేళంతా అక్కడే అయిపోతుంది. అందుకని భువనగిరిని చలికాలానికి ఉంచుకోమంటాను.

ఇక మనం అసలు వెళ్లేది దేనికి? పైకి చేరాక నాలుగు దిక్కులా చూపు ఆనినంత మేర చూడ్డానికి. దానికీ ఒక లెక్క ఉంది. చుట్టూ నేల సమతలంగా ఉందనుకోండి. మీరున్న ఎత్తును మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే నేలా ఆకాశం కలిసే గీత ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. 100 మీటర్ల గుట్ట మీదినుంచి దాదాపు 36 కిలోమీటర్లు. 150 మీటర్ల మీదినుంచి దాదాపు 44. చూడండి, ఎత్తు సగం పెరిగితే చూపు పెరిగింది 8 కిలోమీటర్లే. దక్కన్ పీఠభూమి మీద చుట్టూ మైదానం, నడుమ ఒంటరి బండ ఉండడం వల్ల చిన్న గుట్టే పెద్ద దృశ్యం చూపిస్తుంది. హిమాలయాల్లో లోయలో నడిచేవాడికి 3000 మీటర్ల ఎత్తులో కూడా ఎదుటి కొండే అడ్డం రావచ్చు.

అయితే ఆ 44 కిలోమీటర్లు లెక్కలోనే ఉంటాయి. కంటికి ఎంత అందుతుందన్నది గాలి చెబుతుంది. డిసెంబరు, జనవరి పొద్దుటి పూట నేల దగ్గరి గాలి చల్లగా, దాని పైన వెచ్చని గాలి మూతలా ఉంటుంది. పొగ, దుమ్ము పైకి పోలేక ఆ మూత కిందే నిలిచిపోతాయి. అందుకే చలికాలపు ఉదయం ఆకాశం నీలంగా ఉన్నా దూరం పాలతెరలా కనిపిస్తుంది. చెరువుల మీద పొగమంచు సరేసరి. ఎండ ఎక్కి నేల వేడెక్కాక, 9, 10 గంటల తర్వాత ఆ మూత విచ్చుకుంటుంది. కాబట్టి జనవరిలో సూర్యోదయానికే శిఖరం మీద ఉండాలన్న ఉబలాటం దూరపు దృశ్యం కోసమైతే వృథా. 11 గంటలకు పైన ఉండేలా వేసుకోండి.

అన్నిటికంటే మంచి రోజులు ఏవంటే, సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు చివరిదాకా, రాత్రి గట్టి వాన పడి తెల్లారేసరికి తెరిపిచ్చిన రోజులు. వాన గాలిని కడిగేస్తుంది. చెరువులు నిండి ఉంటాయి, పొలాలు పచ్చగా ఉంటాయి. కాకపోతే ఆ రోజుల్లో బండ తడిగా ఉంటుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

రేపు గాలి ఎలా ఉంటుందో ఇవాళే తెలుసుకోవడానికి ఇంటిమీదే ఒక పరీక్ష ఉంది. సాయంత్రం ఎత్తైన డాబా ఎక్కి, మీకు తెలిసిన, ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న గుర్తు ఒకటి చూడండి. తూర్పు వైపు ఉండేవాళ్లకు మౌలాలి గుట్ట, పడమటివాళ్లకు గోల్కొండ కోట శిఖరాన ఉన్న బాలాహిస్సార్. దాని అంచులు కత్తిరించినట్టు కనిపిస్తే గాలి శుభ్రంగా ఉంది. బూడిద రంగు మచ్చలా కనిపిస్తే దూరపు చూపు ఆశించకండి. శంషాబాద్ విమానాశ్రయం వాతావరణ నివేదికలో విజిబిలిటీ అని ఒక అంకె వస్తుంది, అది కూడా చూడవచ్చు. 2000, 3000 మీటర్లని ఉంటే మబ్బుగుడ్డ కప్పినట్టే.

వెలుతురు దిక్కు కూడా ముఖ్యం. సూర్యుడు వీపు వెనక ఉంటే ఎదురుగా ఉన్నదంతా రంగు తేలి కనిపిస్తుంది. ఎదురుగా ఉంటే నీడబొమ్మలే. పొద్దున పడమర చూడండి, సాయంత్రం తూర్పు చూడండి. భువనగిరి మీదినుంచి యాదగిరిగుట్ట ఈశాన్యంగా, గీత గీసినట్టు కొలిస్తే సుమారు 10 కిలోమీటర్లు. కాబట్టి మధ్యాహ్నం తర్వాత బాగా తేరుకుంటుంది. హైదరాబాద్ పడమటి దిక్కున ఉంది, పొద్దుటి పూటే చూడాలి. నగరం వైపు నేల క్రమంగా ఎత్తు పెరుగుతుంది కాబట్టి ఆ దిక్కున చూపు పూర్తిగా 44 కిలోమీటర్లు సాగదు.

ఇప్పుడు ఎక్కే సమయం. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ కొండలెక్కే ఆయన ఒక సూత్రం చెప్పాడు. దాన్ని మన కొలతల్లోకి తెస్తే, నడకకు గంటకు 5 కిలోమీటర్లు, దానిపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఒక గంట. రానుపోను 6 కిలోమీటర్లు, 200 మీటర్ల ఎక్కుడు ఉన్న దారి తీసుకోండి. నడకకు 72 నిమిషాలు, ఎత్తుకు 20 నిమిషాలు, మొత్తం గంటన్నర. కానీ ఇది అలవాటున్నవాడు ఒంటరిగా, ఆగకుండా, మంచి బాటలో నడిస్తే పట్టే సమయం. ఎనిమిది మంది బృందం, అందులో ఇద్దరు మొదటిసారి వచ్చినవాళ్లు, దారిలో ముళ్లకంపలు ఉంటే దాన్ని రెట్టింపు చేయండి. మూడు గంటలు. మన గుట్టల మీద దిగే సమయం ఎక్కడానికి పట్టినదానికంటే పెద్దగా తగ్గదని వేసుకోండి. దిగుడు కదా, గబగబా వచ్చేస్తాం అనుకోవద్దు. మోకాళ్లు అలసి, చూపు ఫోన్ మీద పడి, అడుగు తప్పేది దిగేటప్పుడే.

ఎత్తు తెలుసుకోవడానికి సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటాలు ఉన్నాయి. ఆ సంస్థ శిక్షణాలయం మన ఉప్పల్‌లోనే ఉంది. ఈ పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. గోధుమ రంగు గీతలు ఎత్తు గీతలు, గీతకూ గీతకూ మధ్య 20 మీటర్లు. శిఖరం దాకా ఎన్ని గీతలు దాటుతున్నారో లెక్కపెట్టి 20తో గుణించండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. రెండు గీతల నడుమ 15 మీటర్ల నిట్టనిలువు బండ ఉన్నా పటం దాన్ని చూపించకపోవచ్చు. 15 మీటర్లంటే ఐదంతస్తుల మేడ. పటం ఎత్తు చెబుతుంది, బండ స్వభావం చెప్పదు. ఫోన్లో ఉపగ్రహ చిత్రం కూడా పక్కన పెట్టుకుని, బూడిదరంగు నున్నటి చోట్లు ఎక్కడున్నాయో ముందే గుర్తు పెట్టుకోండి. ఆ పటాలు ఇంట్లోనే దింపుకోవాలి. గుట్ట దగ్గర సిగ్నల్ ఉంటుందని నమ్ముకోకండి.

భువనగిరి సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మొదటి గుట్టగా హైదరాబాద్ వాళ్లకు దానికంటే మంచిది లేదు. వరంగల్ రోడ్డు మీద ఉప్పల్, ఘట్‌కేసర్, బీబీనగర్ దాటితే నగరం నుంచి 50 కిలోమీటర్ల లోపే. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు పోయే లైన్లో రైల్వే స్టేషన్ కూడా ఉంది. ఒకే బండ, 500 అడుగుల పైచిలుకు ఎత్తు, గుడ్డును పక్కకు పడుకోబెట్టినట్టు ఉంటుంది. పశ్చిమ చాళుక్యుడు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట, ఆయన బిరుదు మీదే త్రిభువనగిరి అయింది, నోట్లో నలిగి భువనగిరి అయింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ బండలెక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదే. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. కాబట్టి ‘అదెంత, మెట్లున్న గుట్టే కదా’ అనకండి. మెట్ల దారి వేరు, వాళ్లెక్కిన బండముఖం వేరు. తాడు, హెల్మెట్టు, నేర్పేవాళ్లు లేకుండా ఆ ముఖం వైపు పోకండి.

మెట్ల దారిలో కింది భాగం తేలిక. దర్వాజాలు దాటి పైకి వచ్చాక మెట్లు బండలోనే చెక్కినవి, పక్కన ఇనుప కమ్మీ ఉంటుంది. దాని పైన పరుపుబండ, అంటే పరుపులా పరుచుకున్న వాలుబండ. అక్కడ కొందరికి కాళ్లు వణుకుతాయి. వణికేది ఎత్తును చూసి కాదు, బండ మీద పాదం ఎలా వేయాలో తెలియక. అది ఇప్పుడు చూద్దాం. అందరూ లేచి నిలబడండి.

మోకాళ్లు కొద్దిగా వంచండి. పాదం మొత్తం నేలకు ఆనించండి, మడమతో సహా. వాలుబండ మీద బూటు అట్ట ఎంత ఎక్కువ రాయికి తగిలితే అంత పట్టు. మునివేళ్ల మీద నడిచేవాళ్లకు పట్టు సగం పోతుంది, పిక్కలూ త్వరగా అలసిపోతాయి. ఇప్పుడు దిగుతున్నామనుకోండి. భయపడ్డ మనిషి ఏం చేస్తాడు? వెనక్కి వాలి, చెయ్యి బండకు ఆనిస్తాడు. అలా వాలగానే ఒంటి బరువు పాదాల మీదినుంచి వెనక్కి పోతుంది. పాదం రాయిని కిందికి అదమడం మాని ముందుకు తోస్తుంది. అక్కడే జారుతుంది. భయం చెప్పేదానికి ఎదురు చేయాలి. మోకాళ్లు ఇంకా వంచి, నడుము కొద్దిగా ముందుకు తెచ్చి, ముక్కు పాదాల పైకి వచ్చేలా నిలబడి, చిన్న చిన్న అడుగులు వేయండి. అడుగుకూ అడుగుకూ మధ్య జానెడు చాలు. చాలా నిటారుగా ఉంటే కూర్చుని జరగండి, అందులో తప్పేం లేదు. కానీ సగం నిలబడి, సగం కూర్చుని మాత్రం ఉండకండి. కూర్చోండి.

పొడి బండ మీద కూడా ఒక మోసం ఉంటుంది. గ్రానైట్ శిథిలమై రాలిన గరుకు ఇసుక పరుపుబండల మీద పల్చగా పరుచుకుని ఉంటుంది. పాదం కింద ఆ గింజలు గోళీల్లా దొర్లుతాయి. అడుగేసేముందు బూటు అంచుతో ఒకసారి తుడిచి అప్పుడు బరువు వేయండి. తడిసినప్పుడు వేరే మోసం. బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు చూసే ఉంటారు. వాన నీళ్లు పారే దారి అది, ఆ నలుపు అక్కడ పెరిగే నాచు జాతి. ఎండినప్పుడు ఏమీ కాదు. తడిస్తే సబ్బు. వాన పడ్డ మర్నాడు నల్ల చార మీద కాలు వేయకండి, లేత రంగు రాయి మీదినుంచే దాటండి, దాటలేకపోతే వెనక్కి తిరగండి.

దీనికంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. మన గుట్టలకు చాలాచోట్ల అంచు అనేదే ఉండదు. ఈ రాయి ఉల్లిపొరల్లా పొరలు పొరలుగా ఊడుతూ వచ్చి గుండ్రబడింది. అంచు తెగినట్టు ఉంటే కాలు దానంతటదే ఆగుతుంది. ఇక్కడ వాలు ఒక్కో అడుగుకూ కొంచెం కొంచెం పెరుగుతుంది. ఫొటో కోసం ఇంకో అడుగు, ఇంకో అడుగు అనుకుంటూ పోతే ఎక్కడ తిరిగి రాలేని వాలులోకి వచ్చామో తెలియదు. గుర్తు ఒకటి చెబుతాను. మీ పాదాలకు రెండు మూడు గజాల కింద ఉన్న బండ మీకు కనిపించాలి. కనిపించకుండా వంపు దాచేసిందంటే మీరు ఇప్పటికే ఎక్కువ దూరం వచ్చారు. అక్కడే కూర్చుని, వెనక్కి జరిగి పైకి రండి.

బూట్లు, అడుగున రబ్బరు గాళ్లు అరగనివి, రెండు వారాలు ఊళ్లో తొడిగి నడిచినవి కావాలి. కొత్త బూట్లతో నేరుగా గుట్టకు వస్తే మడమ బొబ్బలెక్కుతుంది. కాలిగోళ్లు ముందురోజు కత్తిరించుకోండి. దిగేటప్పుడు బొటనవేలు బూటు ముందు గోడకు కొట్టుకుంటుంది, గోరు నల్లబడేది అందుకే. దిగడం మొదలుపెట్టేముందు చీలమండ దగ్గర లేసు బిగించి కట్టుకుంటే పాదం ముందుకు జారదు.

నీళ్లు. చల్లని రోజుల్లో మనిషికి గంటకు అర లీటరు, ఎండ ఉంటే గంటకు ముప్పావు నుంచి లీటరు. ఐదు గంటల గుట్టకు నవంబరులో రెండున్నర లీటర్లు, దానికి తోడు అర లీటరు అదనం, మొత్తం మూడు లీటర్లు. అంటే మూడు కిలోలు. బరువని తగ్గించకండి. బండిలో మనిషికి ఒక సీసా విడిగా వదలండి, అది ఈ లెక్కలో రాదు. శిఖరం చేరకముందే సగం నీళ్లు అయిపోయాయంటే అక్కడే వెనక్కి తిరగాలి. దిగుడుకు ఎక్కుడంత నీళ్లు కావాలి, ఆ వేళకు ఎండ ఇంకా ఎక్కువ. దొనల్లో, అంటే బండ గుంటల్లో నిలిచిన నీళ్లు తాగకండి.

చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్లే తాగుతూ పోతే తలనొప్పి, వికారం వస్తాయి, పిక్కలు పట్టేస్తాయి. ఓఆర్ఎస్ పొడి రెండు ప్యాకెట్లు పెట్టుకోండి. లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుడు నీళ్లలో సగం ప్యాకెట్టు వేసి తాగితే చిక్కబడి మేలుకు బదులు కీడు చేస్తుంది. పొడి దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో అంచుకు సమంగా కొలిచి కలపండి. అట్టపెట్టెల్లో వచ్చే తీపి పానీయాలు ఓఆర్ఎస్ పని చేయవు, కొనేముందు డబ్ల్యూహెచ్ఓ సూత్రం అని రాసుందో లేదో చూసుకోండి.

సద్ది విషయానికి వస్తే, పులిహోరకు మించింది లేదు. చింతపండు పులుపు, ఉప్పు, నూనె ఉండడం వల్ల మధ్యాహ్నం దాకా చెడదు. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది. పల్లీపట్టీలు, ఖర్జూరాలు, సకినాలు దారిలో నడుస్తూ తినడానికి బాగుంటాయి. పైన ఒకేసారి కడుపునిండా తినకండి, తిన్నవెంటనే దిగుడు కష్టం. కోతులున్న గుట్టల మీద ప్లాస్టిక్ కవరు చేత పట్టుకోకండి, చప్పుడుకే అవి వస్తాయి. డబ్బా సంచి లోపల ఉండాలి.

ఇక మన బండగుట్టల మీద నేను అన్నిటికంటే గౌరవించమని చెప్పేది పెద్ద తేనెటీగలను. బండ అంచుల కింద, గుహల నోట్లో, కోట దర్వాజాల పైన అర్ధచంద్రాకారంలో తుట్టెలు వేలాడుతుంటాయి. దూరంనుంచి నల్లని మచ్చలా ఉంటుంది, దగ్గరికొస్తే అల కదిలినట్టు ఆ మచ్చ మెరుస్తుంది. అలా మెరిసిందంటే అవి మిమ్మల్ని గమనించాయి. మాట తగ్గించి వెనక్కి పొండి. సెంట్లు పూసుకుని రావద్దు. పొగ, మంట, రాళ్లు విసరడం, డ్రోన్లు, ఇవేవీ వద్దు. పైబడితే చేతులు ఊపకండి, ముఖం మీద చున్నీయో తువ్వాలో కప్పుకుని, దారి చూసుకుంటూ దూరంగా పొండి. నీళ్లలో దూకితే పైనే తిరుగుతూ కాచుకుంటాయి. ముల్లును గోటితో గీకి వెంటనే తీసేయండి. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయాలి, చూద్దాంలే అనకూడదు.

పాముల గురించి రెండే మాటలు. చెయ్యి పెట్టేముందు, కాలు వేసేముందు కన్ను పెట్టండి. కాటేస్తే గుడ్డ బిగించి కట్టకండి, కోయకండి, ఆ కాలు కదలకుండా కట్టె కట్టి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. భువనగిరి దారిలో బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఏ గుట్టకు పోయినా దగ్గరి ఆసుపత్రి ఏదో కాగితంలో ముందే రాసుకోవాలి.

ఉరుములు. మెరుపు కనపడ్డాక శబ్దం వచ్చేదాకా అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 లోపు ఉరిమిందంటే పిడుగు మీకు 10 కిలోమీటర్ల లోపు ఉంది, దిగిపోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు. ఎక్కేటప్పుడు ఆసరా ఇచ్చిన ఇనుప కమ్మీని ఆ వేళ పట్టుకోకూడదు. లోతులేని గుహల నోట్లో, ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వారి దామిని యాప్ పిడుగుల హెచ్చరికలు ఇస్తుంది, ఫోన్లో పెట్టుకోండి.

భువనగిరి రెండుసార్లు ఎక్కి దిగాక రాచకొండ పెట్టుకోండి. రేచర్ల పద్మనాయకుల రాజధాని, 14వ శతాబ్దిది, సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది. అక్కడ భువనగిరిలా కమ్మీలుండవు. సున్నం లేకుండా పేర్చిన పెద్దరాళ్ల గోడలు, కూలిన మెట్లు, పరికి కంప, సీతాఫలం పొదలు. పొడుగు చేతుల చొక్కా, మందమైన ప్యాంటు వేసుకోండి. ఇలాంటి పాత కోటల్లో గుప్తనిధుల కోసం తవ్విన గోతులు గడ్డిలో కనపడకుండా ఉంటాయి, అందుకే వాన వెలిసిన కొత్తలో కట్టెతో తడుముకుంటూ నడవాలి. గోడ రాళ్లు ఎక్కి నిలబడకండి. అవి ఆరువందల ఏళ్లుగా ఒకదాని బరువు మీద ఇంకొకటి ఆగి ఉన్నాయి.

దానికి నవంబరు లెక్క చెబుతాను, రాసుకోండి. చీకటి 6కి, కానీ మనం 4 గంటలకు బండి దగ్గర ఉండాలి. ఆ రెండు గంటలు ఎవరి కాలైనా మెలిక పడితే మోసుకొచ్చేందుకు. దిగుడు గంటన్నర, అంటే 2:30కి పైనుంచి కదలాలి. పైన గంట, 1:30కి చేరాలి. ఎక్కుడు రెండు గంటలు, 11:30కి మొదలు. ఇది ఆఖరి హద్దు. అంతకు ముందు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది, కానీ 1:30కి ఎక్కడున్నా, శిఖరం యాభై గజాల దూరంలో కనిపిస్తున్నా, వెనక్కి తిరగాలి. ఈ వేళను పొద్దునే, అందరూ తాజాగా ఉన్నప్పుడే, బయటికి చెప్పుకోండి. పైన వాదన పెట్టుకుంటే ఉత్సాహం ఉన్నవాళ్లదే గెలుపవుతుంది, అలిసినవాళ్లు నోరెత్తరు.

ఈ కాగితం రెండు ప్రతులు రాయండి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంట్లోవాళ్ల దగ్గర. గుట్ట పేరు, ఊరి పేరు, ఎంతమంది, బండి నంబరు, దిగే వేళ. దాని కింద, ‘6 గంటలకు ఫోన్ రాకపోతే 112కి చెప్పండి’ అని.

ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.

*ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. తీసుకురావచ్చా అండీ?*

భువనగిరి మెట్ల దారికి తీసుకురండి అమ్మా. ఆమె అడుగును బట్టే మిగతావాళ్లు నడవాలి. ఎక్కేటప్పుడు పాప వెనక మీరు, దిగేటప్పుడు పాప ముందు మీరు, అంటే ఎప్పుడూ కింది వైపు పెద్దవాళ్లు ఉండాలి. పరుపుబండ మీద చెయ్యి వదలొద్దు. నీళ్లు అడిగేదాకా ఆగకండి, పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు పట్టించండి.

*ప్రశ్న: బృందంలో ఒకరు బాగా వెనకబడితే ముందున్నవాళ్లు పైకి పోయి ఆగొచ్చా?*

వద్దు బాబూ. గుండుకూ గుండుకూ మధ్య దారి చీలుతుంది, ఒంటరిగా ఉన్నవాడు తప్పు చీలిక పట్టుకుంటాడు. దారి తెలిసినవాళ్లు ఇద్దరుంటే ఒకరు ముందు, ఒకరు అందరికంటే వెనక. మలుపు దగ్గర ఆగి తలలు లెక్కపెట్టి కదలండి. వెనకున్నవాళ్లు చేరగానే బయల్దేరకండి, ముందున్నవాళ్లు అప్పటికే అలసట తీర్చుకున్నారు, వాళ్లు ఇప్పుడే వచ్చారు. వాళ్లకూ ఐదు నిమిషాలు ఇవ్వండి.

*ప్రశ్న: ఇంటినుంచి బయల్దేరాక సన్నగా వాన మొదలైతే?*

ఘట్‌కేసర్ దగ్గర ఆగి ఆకాశం చూడండి. తూర్పు తెల్లగా ఉంటే పోయి గుట్ట కింద గంట ఆగండి, ఎండ తగిలితే లేత రంగు బండ త్వరగా ఆరుతుంది. ఆ గంటను మీ కాగితంలో శిఖరం మీద ఉండే సమయంలోనుంచి కొట్టేయండి. దిగే వేళ దగ్గర రాసిన అంకెను మాత్రం దిద్దకండి.